పదకొండు అడుగుల గీత

ఆర్కిటెక్టు ఆ ఉదయం అయిదింటికే లేచి, అద్దం ముందు నిలబడి పది నిమిషాల పాటు నవ్వడం సాధన చేశాడు. అతనికి నవ్వు రాదని కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు బాగానే వస్తుంది. నలుగురు ఎదురుగా ఉంటే మాత్రం, ముందు పెదవులు కదపాలా కళ్ళు కదపాలా అని ఆలోచించేలోపు నవ్వాల్సిన సందర్భం దాటిపోతుంది.

"ఏవండీ, పన్ను నొప్పా?" అంది భార్య వెనక నుంచి.

"కాదు. కమిటీ వాళ్ళకి కాస్త నవ్వు మొహం చూపిద్దామని."

"వద్దులెండి. ఇది చూస్తే మీకేదో జరిగిందనుకుని ముందు ఆస్పత్రికి తీసుకెళ్తారు. మామూలుగా ఉండండి. పని అయిపోగానే ఇంటికొచ్చి ఎంతసేపు కావాలంటే అంతసేపు ముభావంగా కూర్చుందురుగాని."

ఆ రోజు పథకం చాలా సులువైనది. ఊరికి గంట ప్రయాణం దూరంలో ఉన్న ఒక పల్లెలో, పొలాల పక్కన ఖాళీ స్థలంలో అన్ని పనులకూ పనికొచ్చే ఒక భవనం కట్టాలని అక్కడి వాళ్ళు కమిటీ వేసుకున్నారు. పెళ్ళిళ్ళు, సభలు, శిక్షణ తరగతులు, వైద్య శిబిరాలు, అన్నీ ఒకే కప్పు కింద జరగాలి. ఆర్కిటెక్టు దానికి మూడు నెలలు కూర్చుని నమూనా గీశాడు. పొడవాటి ఒకే ఒక హాలు. లోపల పక్కకు జరిపే గోడలు. అవి మూస్తే హాలు మూడు గదులవుతుంది, తెరిస్తే మళ్ళీ ఒకటే. వేదిక లోపలి వైపూ తెరుచుకుంటుంది, పొలం వైపూ తెరుచుకుంటుంది. పదహారేళ్ళు పెద్ద కంపెనీలో ఇతరులు గీసిన గీతలు సరిదిద్ది, విసిగి, ఉద్యోగం మానేసి, సొంత పేరుతో గీసిన మొదటి భవనం అది. కంటికి కనబడేలా నేల మీద నిలబడిన తన గోడ ఒక్కటైనా చూసుకోకుండా యాభయ్యో ఏట అడుగుపెట్టడం అతనికి ఇష్టం లేదు. యాభైకి ఇంకా ఏడు నెలలే ఉన్నాయి.

కమిటీ అప్పటికే రెండుసార్లు అతని నమూనా చూసింది. మొదటిసారి కాగితం మీది ప్లాను చూపించాడు. అందరూ కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి, గీతలు ఎంత తిన్నగా ఉన్నాయో మెచ్చుకుని, ఇంతకీ భవనం ఎక్కడుందని అడిగారు. రెండోసారి కంప్యూటర్‌లో రంగుల బొమ్మలు తయారుచేసి తెచ్చాడు. బొమ్మ బోసిగా ఉండకూడదని అక్కడక్కడ రెడీమేడ్ మనుషుల్ని నిలబెట్టాడు. గేటు దగ్గర ఎర్ర సంచీతో నిలబడిన అమ్మాయి ఎవరింటి కోడలో తేల్చడానికి కమిటీకి గంటన్నర పట్టింది. తేలలేదు కూడా. భవనం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మూడో అవకాశం ఇవాళ. ఇవాళ సంతకాలు కాకపోతే రేకుల షెడ్డు వేయించేస్తామని కమిటీ అధ్యక్షురాలు తేల్చి చెప్పింది. షెడ్ల కాంట్రాక్టరు అప్పుడే మూడుసార్లు వచ్చి స్థలం కొలుచుకుపోయాడు.

ఆర్కిటెక్టుకు మనస్తత్వ శాస్త్రం పుస్తకాలు చదివే అలవాటుంది. రెండు వారాలు ఆలోచించి అతనొక నిర్ణయానికి వచ్చాడు. మనిషి చోటును కళ్ళతో అర్థం చేసుకోడు, కాళ్ళతో చేసుకుంటాడు. అందుకని మొత్తం భవనాన్ని అసలు కొలతల్లో, ఆ స్థలంలోనే, నేల మీద సున్నంతో గీసేస్తే సరి. పదింటికి కమిటీ వస్తుంది. లోపల తిప్పుతాడు. పదకొండింటికి సంతకాలు, ఒంటి గంటకు ఇంట్లో భోజనం.

సాయానికి బావమరిదిని తీసుకెళ్ళాడు. బావమరిది బస్సు కండక్టరు. ఆ రోజు అతనికి వారాంతపు సెలవు. బడి ఆటస్థలంలో గీతలు వేసే సున్నం బండి అడిగి తెచ్చాడు. ఏడింటికి మొదలుపెట్టారు.

"గీత అంటే గోడ. గీత ఆగిన చోటు తలుపు. తెలిసిందా?" అన్నాడు ఆర్కిటెక్టు.

"ఇంత సింపుల్ దానికి నువ్వు అయిదేళ్ళు కాలేజీకెళ్ళావా బావా?"

"ముఖ్యమైంది విను. మనం పొరపాటున కూడా గీత దాటకూడదు. మనం నమ్మితేనే వాళ్ళు నమ్ముతారు. మన కాలు ఒక్కసారి గీత మీద పడిందా, భవనం లేదు, ఏమీ లేదు, ఉత్త సున్నమే."

"ఆ పూచీ నాది," అని కండక్టరు జేబు తడిమి విజిలు ఉందో లేదో చూసుకున్నాడు.

తొమ్మిదికల్లా భవనం దాదాపు పూర్తయింది. వేదిక వెనక మూలలో ఉన్న చిన్న గది దగ్గరికి వచ్చేసరికి సున్నం అయిపోయింది. మూడు గోడలు పడ్డాయి, నాలుగోది మిగిలింది. కండక్టరు ఇంకో బస్తాకి కబురు పెట్టాడు.

పదయింది. కమిటీ రాలేదు. ఆర్కిటెక్టు అధ్యక్షురాలికి ఫోన్ చేశాడు. ఆవిడ ఆ చుట్టుపక్కల నాలుగు పల్లెలకూ పశువుల డాక్టరు.

"దూడ అడ్డం తిరిగిందండి," అంది ఆవిడ ఆయాసపడుతూ. ఫోను ఎవరో ఆవిడ చెవి దగ్గర పట్టుకున్నట్టుంది. "చెయ్యి లోపల ఉంది. తర్వాత మాట్లాడతా. మీరు వెళ్ళిపోకండి. వెళ్ళిపోతే ఇవాళ్టితో సరి."

ఆర్కిటెక్టు వేదిక కొలతలు మరోసారి సరిచూసుకుందామని టేపు పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. అదే పొరపాటు. కండక్టరును ఖాళీ స్థలం దగ్గర ఒంటరిగా వదలకూడదని అతనికి తట్టలేదు. పదేళ్ళుగా ఖాళీ కనబడితే నింపడమే ఆ మనిషి ఉద్యోగం.

ముందు కుట్టు టీచరు వచ్చింది. ఆవిడ కమిటీ మెంబరు. వెంట పన్నెండు మంది ఆడవాళ్ళు, చంకల్లో గుడ్డల మూటలు. వాళ్ళు రోజూ కూర్చునే వరండాలో ఎవరో ధాన్యం ఆరబోశారట. గీత ఆగిన చోట నిలబడి, "లోపలికి రావచ్చా?" అంది టీచరు.

"రండి రండి. లోపల బోలెడు ఖాళీ ఉంది. ముందుకి జరగండి, అక్కా మీరు ఇంకా ముందుకి, వెనకున్న వాళ్ళకి దారివ్వండి."

ఆర్కిటెక్టు తిరిగి వచ్చేసరికి ఒకటో హాల్లో దుప్పట్లు పరిచి పన్నెండు మంది గుడ్డ కత్తిరిస్తున్నారు. రెండో హాల్లో పాల కేంద్రం కార్యదర్శి ముప్ఫై మంది పాడి రైతుల్ని వరుసలుగా కూర్చోబెట్టి వాళ్ళ వార్షిక సమావేశం ప్రారంభిస్తున్నాడు. కార్యదర్శి కూడా కమిటీ మెంబరే.

"ఎవరు రమ్మన్నారు వీళ్ళని?" అన్నాడు ఆర్కిటెక్టు గొంతు తగ్గించి.

"ఖాళీగా పోతోంది కదా బావా."

"పోతే పోనీ. ఇది బస్సు కాదు."

"నువ్వే కదా అన్నావు, కాళ్ళతో అర్థం చేసుకుంటారని. ఎనభై కాళ్ళు తెచ్చిపెట్టాను."

సరిగ్గా అప్పుడే ఆలస్యంగా వచ్చిన ఒక పాడి రైతు పొలానికి అడ్డంగా నడిచి నేరుగా సభలోకి వస్తున్నాడు. కండక్టరు విజిలు ఊదాడు. సభలో సగం మంది వెనక్కి తిరిగారు.

"గోడలోంచి వస్తావేంటయ్యా," అన్నాడు కార్యదర్శి విసుగ్గా.

రైతు ఒక కాలు గాల్లో ఉంచి ఆగిపోయాడు. కిందకి చూశాడు. అతని మొహంలో నిజమైన సిగ్గు కనబడింది. కాలు వెనక్కి తీసుకుని, గోడ వెంబడే చుట్టూ తిరిగి వెళ్ళి, ద్వారం దగ్గర చెప్పులు దులుపుకుని లోపలికి వచ్చాడు.

ఆర్కిటెక్టు టేపు చుట్టడం ఆపి చూశాడు. పదహారేళ్ళలో అతను ఇతరులు గీసిన గోడలు ఎన్నో ఇనుమూ సిమెంటూ కలిపి కట్టించాడు. వాటిలో ఒక్కదానికి కూడా ఇంత మర్యాద జరగడం చూడలేదు. అక్కడితో ఊరుకుని, అందరినీ బయటికి పంపించి ఉంటే బాగుండేది. కానీ మనిషికి తన గోడ మీద గర్వం ఒకసారి మొదలయ్యాక అంత తేలిగ్గా దిగదు.

పావుగంటకు కుట్టు టీచరు వచ్చి అతని ముందు నిలబడింది.

"ఏవనుకోకండి, మీ గోడలు మరీ పల్చనండి. పాలవాళ్ళ గోలంతా ఇవతలికే వస్తోంది. మా పిల్ల చంక దగ్గర కత్తిరించాల్సింది మెడ దగ్గర కత్తిరించేసింది."

అది గోడ కాదమ్మా, సున్నం, అనే మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది. రానివ్వలేదు.

"అది పక్కకి జరిపే గోడండి. మధ్యలో దూదిలాంటి పొర వస్తుంది. అప్పుడు సౌండు ఆగిపోతుంది."

"ఎప్పుడు వస్తుంది?"

"కట్టినప్పుడు."

"అప్పటిదాకా మేము ఇలాగే పడుండాలా?"

అతను రెండో హాల్లోకి వెళ్ళి, కాస్త మెల్లగా మాట్లాడమని కార్యదర్శిని బతిమాలాడు.

"వాళ్ళ కత్తెరల చప్పుడు గురించి మేమేమన్నా అన్నామా?" అన్నాడు కార్యదర్శి. "అసలు దానికంటే ముందు చెప్పండి, కిటికీలేవీ? లోపల ఉక్క పోసేస్తోంది."

నలువైపులా పొలాలు. పైన ఆకాశం. గాలికి కార్యదర్శి చేతిలోని కాగితాలు ఎగిరిపోతుంటే ఇద్దరు పట్టుకున్నారు. అయినా ముప్ఫై మందీ కండువాలతో విసురుకుంటున్నారు. కిటికీ నేలకు మూడడుగుల ఎత్తున మొదలవుతుంది కాబట్టి నేల మీద గీతలో కనబడదని ఆర్కిటెక్టు వివరించబోయాడు. వివరణ సగంలో ఉండగానే కండక్టరు బూటు కాలితో దక్షిణపు గోడను నాలుగు చోట్ల చెరిపేశాడు. సభ మొత్తం హాయిగా ఊపిరి పీల్చుకుంది.

కిటికీలు పెట్టడం అంత తేలికని తెలిశాక ఎవరి కిటికీ వాళ్ళు పెట్టుకోవడం మొదలైంది. అరగంటలో ఆ గోడకు పదకొండు కిటికీలయ్యాయి. ఫోన్ మాట్లాడేవాళ్ళు కిటికీల్లోంచి బయటికి వెళ్తున్నారు. ఒక మేక కిటికీలోంచి లోపలికి వచ్చి ఒకటో హాల్లో పసుపు రంగు జేబు గుడ్డ తినేసింది. ఎవడో కిటికీలోంచి తొంగి చూస్తున్నాడని ఆడవాళ్ళు ఫిర్యాదు చేశారు. తొంగి చూడటం లేదు, తన మేక కోసం వెతుకుతున్నానని ఆ మనిషి ఒట్టు పెట్టుకున్నాడు. మరి మేకను వదిలేసి జాకెట్ల వైపు చూస్తావేంటని టీచరు అడిగింది. పాడి రైతులు అతని పక్షం వహించారు. రెండు హాళ్ళ మధ్యా, జరిపే గోడకు అటూ ఇటూ నిలబడి, గీత మీద కాలు పడకుండా జాగ్రత్తపడుతూ నలభై మంది వాదించుకున్నారు.

"ఆపండి," అన్నాడు ఆర్కిటెక్టు.

ఎవరూ వినలేదు. కండక్టరు విజిలు ఊదాడు. అందరూ ఆగారు.

"ఇకనుంచి ఈ భవనంలో ఒక్క గీత చెరపాలన్నా, ఒక్క గీత కలపాలన్నా, కమిటీ తీర్మానం ఉండాలి. దాని మీద నా సంతకం ఉండాలి. రెండూ లేకుండా ఎవరూ గోడల జోలికి పోకూడదు."

తనకు అంత గొంతు ఉందని అతనికే తెలియదు. కండక్టరుకు ఈ మాట అమితంగా నచ్చింది. వెంటనే ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో అదే రాసి, కర్రకు కట్టి, ద్వారం పక్కన పాతాడు. కిటికీలన్నీ మూసి పాత గీత దిద్దాడు. సున్నం బస్తా అప్పటికి వచ్చింది.

నలభై మొహాలు ఆర్కిటెక్టు వైపే తిరిగి ఉన్నాయి. ఒక్కో మొహంలో ఒక్కో ప్రశ్న. ఇలాంటప్పుడు అయిదు నిమిషాలు ఎవరూ కనబడకుండా ఉంటే తప్ప అతనికి కుదుటపడదు. అతను వేదిక పక్క నుంచి వెనక్కి నడిచి, మూడు గోడలే పడిన ఆ మూల గదిలోకి వెళ్ళి, మూల వైపు తిరిగి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

ఆరడుగులు వెడల్పు, ఎనిమిదడుగులు పొడవు. ప్లానులో దాని మీద 'స్టోరు' అని రాసి ఉంటుంది. అది స్టోరు కాదు. ఆ మాట అతను భార్యకు కూడా చెప్పలేదు. అయిదు వందల మంది ఉన్న పెళ్ళిలో, ఇంకొక్క మొహం కూడా చూడలేని స్థితికి హఠాత్తుగా వచ్చేసే మనిషి ఒకడుంటాడు. పలకరింపులకు జవాబులు అయిపోయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తిన్న కంచం పట్టుకుని స్తంభం వెనక నిలబడతాడు. ఆ మనిషి కోసం గీశాడు ఆ గది. ఆ మనిషి అతనికి బాగా తెలుసు.

అయిదు నిమిషాలయ్యాయి. కళ్ళు తెరిచాడు. వెనక్కి తిరిగాడు.

నాలుగో గోడ పూర్తయింది. అవతల కండక్టరు సున్నం బండి పక్కన పెట్టి చేతులు దులుపుకుంటున్నాడు.

"తలుపేదిరా?"

"నేనూ అదే చూశాను బావా. ప్లానులో లేదు." కండక్టరు కాగితం విప్పి గోడ అవతల నుంచే చూపించాడు. "నువ్వేమో బోర్డు పెట్టించావు. సొంతంగా తలుపు పెడితే నన్నే అంటావని ఉన్నది ఉన్నట్టు గీశాను."

నిజమే. లేదు. మూడు నెలలు, పద్నాలుగు సవరణలు. కరెంటు మీటర్లు పెట్టే అరకు కూడా తలుపుంది. ఈ గదికి లేదు. పద్నాలుగు సార్లూ అతని కళ్ళు దాని మీద నుంచి వెళ్ళాయి, ఒక్కసారీ ఆగలేదు. మరచిపోవడం అనేది ఊరికే జరగదని అతను చదివిన పుస్తకాలన్నీ చెప్పాయి. ఆ గదిని ఊహించుకున్న ప్రతిసారీ తాను అప్పటికే లోపల ఉన్నాడు. లోపలికి వెళ్ళడం గానీ, బయటికి రావడం గానీ ఎన్నడూ ఊహించుకోలేదు. ఇంత స్పష్టంగా తన మనసు తనకు అర్థమైనందుకు మరో రోజైతే సంతోషించేవాడు.

"దాటి వచ్చెయ్యి బావా. ఎవరూ చూడట్లేదు," అన్నాడు కండక్టరు గుసగుసగా.

అందరూ చూస్తున్నారు. ఒకటో హాలు, రెండో హాలు, మేక యజమాని, అందరూ. రోడ్డు మీద షెడ్ల కాంట్రాక్టరు వ్యానుకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. కాలు ఒక్కసారి ఎత్తి అవతల పెడితే చాలు, నలభై మంది ఇప్పటిదాకా కూర్చున్నది ఉత్త నేల మీదే అవుతుంది. ఆ మాట ముందుగా అనేది కూడా కాంట్రాక్టరే. సంతకాలు అతనికే పోతాయి.

ఆర్కిటెక్టు కదలలేదు.

పన్నెండున్నరకు అధ్యక్షురాలు వచ్చింది. కుడి చెయ్యి భుజం దాకా తడిసి ఉంది.

"దూడ క్షేమం," అంది ముందుగా. "ఆర్కిటెక్టు గారేరీ?"

"స్టోరులో ఉన్నారండి," అన్నాడు కార్యదర్శి.

"పిలవండి."

"తలుపు లేదండి."

ఆవిడ ద్వారం దగ్గర బోర్డు చదివింది. ఒకటో హాలు దాటి, రెండో హాలు దాటి, వేదిక ఎక్కి దిగి, గది గోడ ముందు నిలబడింది. ఇద్దరి మధ్యా రెండడుగుల దూరం.

"నా మాట వినబడుతోందా?"

"వినబడుతోందండి."

"చూశారా," అంది కుట్టు టీచరు. "నేను పొద్దున్నించీ అదే చెప్తున్నాను, గోడలు పల్చనని."

"మా షెడ్డు నాలుగు పక్కలా తెరిచే ఉంటుంది మేడమ్," అన్నాడు కాంట్రాక్టరు దగ్గరికి వచ్చి. "మనిషి లోపల ఇరుక్కోవడమన్న సమస్యే రాదు."

"మీరు కాస్త ఆగండి. తలుపు పెట్టాలంటే ఏం చెయ్యాలి?"

"తీర్మానం చెయ్యాలి," అన్నాడు కార్యదర్శి. "ముగ్గురం ఉన్నాం, చేసేద్దాం. కానీ దాని మీద ఆయన సంతకం ఉండాలి. ఆయన సంతకం పెట్టాలంటే బయటికి రావాలి. బయటికి రావాలంటే తలుపుండాలి."

"కాగితమే లోపలికి పంపిస్తే?"

"పైనుంచి విసరాలి. గోడ ఎత్తెంతండీ?"

అందరూ ఆర్కిటెక్టు వైపు చూశారు. నాలుగడుగులని చెప్పి ఉంటే అందరి కష్టాలూ అక్కడితో తీరేవి. కానీ అతను తన వృత్తిలో ఒక్క కొలత కూడా తప్పు చెప్పినవాడు కాదు.

"పదకొండు," అన్నాడు.

ఒక పాడి రైతు కాగితాన్ని ఉండ చుట్టి పదకొండడుగుల పైకి విసిరాడు. గాలి దాన్ని తెచ్చి వేదిక మీద పడేసింది. రెండోసారి ఒకటో హాల్లో పడింది. మూడోసారి మేక అందుకుంది.

పాల కేంద్రంలో నిచ్చెన ఉంది, కానీ ఎనిమిదడుగులే. పన్నెండడుగుల మడత నిచ్చెన ఉన్నది ఒక్క షెడ్ల కాంట్రాక్టరు వ్యాను మీద. పోటీదారుణ్ణి ఊరందరి ముందూ తానే దించే అవకాశం రావడంతో అతను ఎంతో ఉత్సాహంగా నిచ్చెన మోసుకొచ్చాడు. ద్వారం దగ్గర మలుపు తిరగక రెండుసార్లు వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. "గోడకి తగలకుండా," అని కండక్టరు పక్కనే నడిచాడు. నిచ్చెన రెండు కాళ్ళను పదకొండడుగుల ఎత్తు మీదుగా గదిలోకి దించడానికి నలుగురు మనుషులూ, ఒక స్టూలూ, కండక్టరు విజిలూ కావలసి వచ్చాయి.

ఆర్కిటెక్టు ఎక్కడం మొదలుపెట్టాడు. పై మెట్టు మీదికి వచ్చి కిందికి చూశాడు. అచ్చం కాగితం మీద గీసినట్టే ఉంది. మూడు నెలలు అతను చూసిన దృశ్యం అదే, ఇదే ఎత్తు నుంచి. కాకపోతే కాగితంలో మనుషులు లేరు. ఇక్కడ మనుషులు హాళ్ళలోనే కూర్చున్నారు, ద్వారంలోంచే వస్తున్నారు, వేదిక ఎక్కిన రైతు ఒకడు పొలం వైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. తాను అనుకున్నదంతా అనుకున్నట్టే జరుగుతోంది.

"అక్కడే ఒక్క నిమిషం ఆగండి," అంది అధ్యక్షురాలు. "నాకో అనుమానం. స్టోరంటే సామాన్లు పెట్టాలి కదా. తలుపు లేకుండా అందులో ఏం పెడతారు?"

పన్నెండడుగుల ఎత్తున, ఊగే నిచ్చెన మీద నిలబడి అబద్ధం చెప్పడం కష్టం.

"అది స్టోరు కాదండి. నలుగురిలో ఉండీ ఉండీ ఇక ఉండలేకపోయిన మనిషి కాసేపు కూర్చోడానికి."

"కూర్చుని?"

"ఏమీ లేదండి. ఊరికే."

"అక్కడికి ఎవరూ రారా?"

"తలుపు లేదు కదండీ."

నవ్వుతారని అతను ఎదురుచూశాడు. ఎవరూ నవ్వలేదు. కుట్టు టీచరు చేతిలోని కత్తెర మూసింది. కార్యదర్శి గదిలోకి తొంగి చూడబోయి, గోడ గుర్తొచ్చి మానుకున్నాడు. అధ్యక్షురాలు తన తడి చేతి వైపు చూసుకుంది.

"ఇరవై ఆరేళ్ళైంది నేనీ ఊరొచ్చి," అంది. "స్నానం చేస్తుంటే తలుపు కొట్టి మేక దగ్గుతోందంటారు. అన్నం తింటుంటే కిటికీలోంచి కోడిని చూపిస్తారు. మీరు ఇటువైపు దిగండి."

అతను దిగాడు. ఆవిడ ఎక్కింది. అవతల దిగి, గది మధ్యలో నేల మీద కూర్చుని, అందరికీ వీపు పెట్టి పొలాల వైపు తిరిగింది.

ఆవిడ అలా పది నిమిషాలు కూర్చుంది. మధ్యలో ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"డాక్టరమ్మ ఏరీ? మా గొర్రె మేత ముట్టడం లేదు."

"లోపల ఉన్నారు," అన్నాడు కండక్టరు.

"ఎదురుగానే కనిపిస్తున్నారు కదయ్యా."

"గోడ ఉంది."

ఆయన నాలుగడుగుల దూరంలో ఉన్న ఆవిడ వీపు వైపు చూశాడు. సున్నం గీత వైపు చూశాడు. గొంతు తగ్గించి, "ఎంతసేపట్లో వస్తారు?" అని అడిగి, గోడ బయట గొంతుక్కూర్చున్నాడు.

ఆవిడ తిరిగి వచ్చినప్పుడు మొహం తేటగా ఉంది. టీచరు అప్పటికే నిచ్చెన మొదటి మెట్టు మీద ఉంది. టీచరు తర్వాత కార్యదర్శి అనుకున్నారు గానీ, నిచ్చెన తనది కాబట్టి ముందు తనకే హక్కుందని కాంట్రాక్టరు పట్టుబట్టాడు. వెళ్ళిన మనిషి పది నిమిషాలు దాటినా రాలేదు. కండక్టరు విజిలు ఊదాల్సి వచ్చింది. బయటికి వచ్చి కాంట్రాక్టరు నేరుగా వరుస చివర్లో మళ్ళీ నిలబడ్డాడు. పాడి రైతులు సభ ముగించి వరుసలోకి వచ్చారు. తోపులాట జరగకుండా కుట్టు టీచరు కొలతలు రాసుకునే పుస్తకంలో పేర్లు రాయడం మొదలుపెట్టింది.

మూడింటికి కమిటీ రెండో హాల్లో కూర్చుంది. ఆర్కిటెక్టు కలం మూత తీసి పట్టుకుని నిలబడ్డాడు. అధ్యక్షురాలు తీర్మానం చదివింది.

"ఒకటి. గోడలూ కప్పూ లేకుండానే ఇవాళ కుట్టు తరగతి జరిగింది, పాల కేంద్రం సభ జరిగింది, తగాదా కూడా జరిగింది. కాబట్టి పైన రేకులుంటే చాలు. హాలు పని షెడ్ల కాంట్రాక్టరు గారికి ఇవ్వడమైంది. రెండు. మూల గదిని ఆర్కిటెక్టు గారు గీసింది గీసినట్టుగా, గట్టి గోడలతో, పదకొండడుగుల ఎత్తున, ఆయన చేతే కట్టించాలి. మూడు. తలుపు పెట్టకూడదు. తలుపుంటే ఎవరో ఒకరు కొడతారు."

"మరి హాలు అండీ," అన్నాడు ఆర్కిటెక్టు. "పక్కకి జరిపే గోడలు, రెండు వైపులా వేదిక, అదంతా..."

"హాలుదేముందండీ, హాలు ఎవరైనా కడతారు," అంది ఆవిడ సౌమ్యంగా. "ఇదైతే ఇంకెవరికీ తట్టదు."

అతను సంతకం పెట్టాడు. అతని మొదటి భవనం నలభై ఎనిమిది చదరపు అడుగులు. ఇది ఓటమా గెలుపా అని లోలోపల తూచి చూసుకోబోయాడు. కుదరలేదు, ఎందుకంటే కమిటీ వాళ్ళంతా చుట్టూ చేరి, గోడ లోపల ఏ రంగు వేయాలో, కుర్చీ ఉండాలా చాప ఉండాలా, వాన పడితే ఎలా అని ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరో అతని భుజం తట్టారు. ఎవరో చెయ్యి కుదిపారు. కాంట్రాక్టరు కౌగిలించుకున్నాడు. అతను నెమ్మదిగా గుంపులోంచి తప్పుకుని, వేదిక వెనక్కి నడిచి, నిచ్చెన మీద చెయ్యి వేశాడు.

"పేరు రాయించుకున్నారా?" అంది కుట్టు టీచరు పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"అది నేను గీసిన గదండి."

"తెలుసండి. అందుకే మర్యాదగా అడుగుతున్నాను."

వచ్చే నెల పదిహేడో తారీకున, మధ్యాహ్నం రెండూ నలభైకి అతనికి పది నిమిషాలు దొరికాయి, అదీ బావమరిది సిఫారసు మీద.